పిల్లి ఆయుష్షు లెక్క

ఆడపిల్లికి పాలగ్రంథులు నాలుగు జతలు. చంకల దగ్గర మొదలై తొడల మొదళ్ల దాకా రెండు వరుసల్లో ఉంటాయి. పదేళ్లు దాటిన పిల్లికి వాటిలో ఎక్కడైనా చిన్న గడ్డ చేతికి తగిలిందంటే తేలిగ్గా తీసుకోవడానికి లేదు. కుక్కలకు ఇలాంటివి లేస్తే దాదాపు సగం ప్రమాదం లేనివే. ఆడవాళ్ల రొమ్ములో తగిలే గడ్డల్లోనూ ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. పిల్లుల్లో మాత్రం నూటికి 80 నుంచి 90 దాకా క్యాన్సర్లే అవుతాయి. అక్కడి నుంచి చంకల్లోనో గజ్జల్లోనో ఉన్న లింఫ్ గ్రంథులకూ, ఆ తర్వాత ఊపిరితిత్తులకూ పాకుతాయి.

అందుకే పిల్లి యజమాని ప్రశ్న "ఇది క్యాన్సరా?" దగ్గర ఆగదు. "ఎన్నాళ్లు బతుకుతుంది సార్?" అని అడుగుతాడు. పావగడ తాలూకా మంగళవాడలో అడిగినా అదే ప్రశ్న. ఊరు కర్ణాటకది, తుమకూరు జిల్లా. ఈ తాలూకాలో ఇళ్లలో వినిపించే మాట ఎక్కువగా తెలుగు. శెనక్కాయలు పండే మెట్టనేల. మూటలున్న ఇంట్లో ఎలుకలుంటాయి, ఎలుకలున్న ఇంట్లో పిల్లి ఉంటుంది. న్యూయార్క్ మేడ మీద పరుపెక్కి పడుకునే పిల్లికీ, ఇక్కడ మూటల సందున కాపు కాసే పిల్లికీ జబ్బు ఒక్కటే.

అరవై ఏళ్ల కిందట ఆ ప్రశ్నకు ఎక్కడా నికరమైన జవాబు లేదు. ఇప్పుడుంది. అది రావడానికి ఒక స్కేలు, ఒక సూక్ష్మదర్శిని, ఒక లెక్క కలవాల్సి వచ్చింది. మూడూ వేర్వేరు దేశాల్లో పుట్టాయి. వాటిలో ఒక్కటి మాత్రమే పిల్లుల కోసం పుట్టింది.

రెండు కౌంటీల గడ్డలు

ఏ జబ్బుకైనా రేపటి సంగతి చెప్పాలంటే ముందు నిన్నటివి లెక్కపెట్టి ఉండాలి. జంతువుల క్యాన్సర్ విషయంలో ఆ పని పెద్దయెత్తున జరిగింది కాలిఫోర్నియాలో. అలమీడా, కాంట్రా కోస్టా అనే రెండు కౌంటీల్లో పశువైద్యుల దగ్గరికొచ్చిన జంతువుల గడ్డలను 1963 నుంచి ఒక రిజిస్టరుకు ఎక్కించారు. గడ్డ ముక్కలను పరీక్షించి అది ఏమిటో తేల్చారు. రిచర్డ్ డార్న్ బృందం 1968లో ఆ ఫలితాలు ప్రచురించింది. గర్భసంచీ, అండాశయాలు తీయించిన పిల్లులతో పోలిస్తే తీయించని పిల్లులకు పాలగ్రంథుల క్యాన్సర్ ముప్పు సుమారు ఏడు రెట్లని అందులో తేలింది.

ఎవరికి వస్తుందో కొంత తెలిసింది. వచ్చాక ఏమవుతుందో తెలియాలంటే రిజిస్టరు చాలదు. ఆపరేషన్ చేయించుకుని ఇంటికి పోయిన పిల్లి వెంట పోవాలి. అది ఎప్పుడు తిరగబెట్టింది, ఎప్పుడు పోయింది, దేనితో పోయింది అని ఏళ్ల తరబడి యజమానులను అడుగుతూ ఉండాలి.

ఆ ఓపిక నెదర్లాండ్స్‌లో కనిపించింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో వైయర్, మిస్‌డోర్ప్, వారితో కలిసి ఎడిన్‌బరోకు చెందిన కెన్నెత్ హెడ్ 1972లో పిల్లుల పాలగ్రంథుల క్యాన్సర్‌ను మనుషుల, కుక్కల క్యాన్సర్‌తో పోలుస్తూ వివరంగా రాశారు. 1983లో వైయర్, హార్ట్ అనే గణాంకవేత్తతో కలిసి, ఆయుష్షును నిర్ణయించే అంశాలేమిటో విడదీసి చూశాడు. మరుసటి ఏడాదే న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ నుంచి గ్రెగరీ మెక్యువెన్, ఆడ్రీ హేస్ బృందం తమ ఆసుపత్రి పిల్లుల లెక్క బయటపెట్టింది. సముద్రానికి అటూ ఇటూ పనిచేసిన ఇద్దరికీ ఒకే అంశం ముందుకొచ్చింది: ఆపరేషన్ నాటికి గడ్డ ఎంత పెద్దది?

మూడు సెంటీమీటర్లు

ఈ పరిశోధనల నుంచి పాఠ్యపుస్తకాలకు చేరిన సంగతి రెండు గీతలుగా నిలిచింది. గడ్డ అడ్డకొలత 2 సెంటీమీటర్ల లోపు ఉండగా తీసేస్తే పిల్లులు బతికిన కాలం మధ్యగతం మూడేళ్లకు పైన. 2 నుంచి 3 మధ్య ఉంటే రెండేళ్ల చుట్టూ. 3 దాటితే ఆరు నెలల చుట్టూ. జంతువుల క్యాన్సర్ దశలను వర్గీకరిస్తూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ఒక పద్ధతి ఇచ్చింది. దాన్ని పిల్లులకు సవరించినప్పుడు దశలను విడదీసే హద్దులుగా ఈ 2, 3 సెంటీమీటర్లనే పెట్టారు.

ఒక్క సెంటీమీటరు అటో ఇటో అయితే ఏళ్లు నెలలుగా ఎలా మారిపోతాయి? గడ్డను గోళంగా అనుకుందాం. అడ్డకొలత 1 నుంచి 3కు పెరిగితే లోపలి కండ 27 రెట్లవుతుంది. కణాలు రెట్టింపవుతూ పెరుగుతాయి కాబట్టి 27 రెట్లు కావడానికి ఐదు రెట్టింపులు కూడా అక్కర్లేదు. మరి ఒకే ఒక్క కణం సెంటీమీటరు గడ్డ అయ్యేదాకా? వంద కోట్ల చిల్లర కణాలు కావాలి, అంటే సుమారు 30 రెట్టింపులు. చేతికి తగిలేసరికే గడ్డ తన దారిలో చాలా భాగం నడిచేసి ఉంటుంది. మిగిలిన కొద్ది రెట్టింపుల్లోనే కణాల సంఖ్య విపరీతంగా పెరుగుతుంది, లింఫ్ నాళాల్లోకీ రక్తనాళాల్లోకీ జారే అవకాశమూ దాంతోపాటే పెరుగుతుంది. నెల రోజులు ఆగి చూద్దామన్న మాట ఎంత ఖరీదైనదో ఈ లెక్క చెబుతుంది.

మధ్యగతం అన్న మాటను మాత్రం జాగ్రత్తగా పట్టుకోవాలి. ఆరు నెలల మధ్యగతం అంటే సగం పిల్లులు ఆలోపే పోయాయని, మిగతా సగం అంతకన్నా ఎక్కువ బతికాయని. మీ పిల్లి ఏ సగంలో ఉందో అది చెప్పదు.

తప్పిపోయిన పిల్లిని ఏ ఖాతాలో రాయాలి?

ఇక్కడే పరిశోధకులకు అసలు చిక్కు. పిల్లులు క్యాన్సర్‌తోనే పోతాయని నియమమేమీ లేదు. ఒకటి లారీ కింద పడుతుంది. ఒకటి ఇల్లు వదిలి పోతుంది. ఇంకొకదాని యజమాని ఊరు మారి ఫోను ఎత్తడు. పరిశోధన ముగించే రోజుకు కొన్ని హాయిగా బతికే ఉంటాయి.

పది పిల్లులకు ఆపరేషన్ చేశారనుకుందాం. మూడో నెలలో ఒకటి క్యాన్సర్‌తో పోయింది. నాలుగో నెలలో ఒకటి కనిపించకుండా పోయింది. ఆరో నెలలో మరొకటి క్యాన్సర్‌తో పోయింది. ఆరు నెలలు గట్టెక్కినవి నూటికి ఎన్ని? తప్పిపోయినదాన్ని చచ్చిన ఖాతాలో రాస్తే 70. బతికిన ఖాతాలో రాస్తే 80. అసలు పరిశోధనలోకే రాలేదని కొట్టేస్తే 78. అన్నీ అబద్ధాలే. ఎందుకంటే అది నాలుగు నెలల పాటు బతికే ఉందన్న నిజం మన దగ్గరుంది.

దీనికి దారి 1958లో వచ్చింది, పిల్లులతో ఏ సంబంధం లేకుండా. అమెరికాలో బెల్ ప్రయోగశాలల్లో ఎడ్వర్డ్ కప్లన్ టెలిఫోన్ కేబుళ్లలో వాడే వాక్యూమ్ ట్యూబులు ఎన్నాళ్లు పనిచేస్తాయో అంచనా కడుతున్నాడు. జాన్స్ హాప్కిన్స్‌లో పాల్ మైయర్ రోగుల ఆయుష్షు లెక్క చూస్తున్నాడు. ఇద్దరూ విడివిడిగా ఒకే సమస్యకు జవాబు రాసి ఒకే పత్రికకు పంపారు. సంపాదకులు ఇద్దరినీ కలిపి ఒకటే రాయమన్నారు. ఉత్తరాల మీద ఉత్తరాలు నడిచి, నాలుగేళ్లకు వ్యాసం అచ్చయింది.

వాళ్ల ఉపాయం సులువు. కాలాన్ని చావులు జరిగిన చోట్ల ముక్కలు చేయాలి. ప్రతి ముక్కలో అప్పటికి కళ్లముందున్నవాటినే లెక్కలోకి తీసుకోవాలి. మన పది పిల్లుల్లో మూడో నెల దాటినవి పదికి తొమ్మిది, అంటే 0.9. నాలుగో నెలలో తప్పిపోయినదాన్ని అక్కడి నుంచి గౌరవంగా పక్కన పెడితే మిగిలేవి ఎనిమిది. ఆరో నెల దాటినవి ఎనిమిదికి ఏడు, అంటే 0.875. రెండూ గుణిస్తే 0.7875, నూటికి దాదాపు 79. తప్పిపోయిన పిల్లి తాను ఇచ్చిన నాలుగు నెలల సాక్ష్యాన్ని ఇచ్చే పోయింది, ఇవ్వని సాక్ష్యాన్ని దాని నెత్తిన రుద్దలేదు. పిల్లుల క్యాన్సర్ పరిశోధనల్లో మెట్లు మెట్లుగా కిందికి దిగే గీత ఒకటి కనిపిస్తుంది. అది ఈ కప్లన్-మైయర్ గీతే.

హడగలిలో పుట్టినాయన

గీతలు గీశాక ఇంకో ప్రశ్న. చిన్న గడ్డల పిల్లుల గీత పైన, పెద్ద గడ్డల గీత కింద ఉంది. ఆ తేడా నిజమైనదా, కాకతాళీయమా? 1966లో నేథన్ మాంటెల్ చూపిన దారి నుంచి లాగ్-ర్యాంక్ పరీక్ష వచ్చింది. 1972లో డేవిడ్ కాక్స్ ఇచ్చిన నమూనాతో వయసు, పరిమాణం, లింఫ్ గ్రంథులు వంటి అనేక అంశాల ప్రభావాన్ని ఒకేసారి విడదీసి తూచవచ్చు. అయితే లోపలి గణితం విప్పి చూస్తే లాగ్-ర్యాంక్ పరీక్ష అనేది కాక్స్ నమూనాలో వచ్చే "స్కోర్ పరీక్ష" తప్ప వేరు కాదు. ఆ స్కోర్ పరీక్షను 1948లో లోకానికి ఇచ్చినవాడు తెలుగువాడు, కల్యంపూడి రాధాకృష్ణారావు.

సి.ఆర్.రావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో పుట్టారు. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లా, ఇప్పుడు మంగళవాడలాగే కర్ణాటక. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువు సాగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి కలకత్తా వెళ్లి గణాంకశాస్త్రంలో మరో ఎం.ఏ. చేశారు. 1946లో కేంబ్రిడ్జికి వెళ్లింది సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వితీసిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. అక్కడ ఆర్.ఎ.ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తూ, ఆయన జన్యుశాస్త్ర ప్రయోగశాలలో ఎలుకలు పెంచే పనిలోనూ చెయ్యి పెట్టారు. పిల్లుల ఆయుష్షు లెక్కకు పునాది రాయి ఎలుకల మధ్య పనిచేస్తున్న ఏళ్లలోనే పడిందన్నమాట.

ఆ పరీక్షలోని ఆలోచన ఇది. గడ్డ పరిమాణానికి ఆయుష్షుతో ఏ సంబంధమూ లేదని ముందుగా ఒప్పేసుకుందాం. ఆ ఊహ మీద నిలబడి, చేతిలో ఉన్న లెక్కలు మనల్ని అక్కడి నుంచి ఎంత గట్టిగా నెడుతున్నాయో కొలుద్దాం. నెట్టుడు స్వల్పమైతే ఊహ నిలుస్తుంది, బలంగా ఉంటే కూలుతుంది. క్లిష్టమైన నమూనాను పూర్తిగా సాధించే శ్రమ లేకుండానే తీర్పు వస్తుంది. రావుగారు 2023 ఆగస్టు 22న అమెరికాలోని బఫెలోలో, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి దక్కింది.

గాజు పలక మీద మార్కులు

స్కేలు చెప్పేది గడ్డ ఎంత పెరిగిందని. దాని స్వభావమేమిటో చెప్పదు. ఒకే కొలత ఉన్న రెండు గడ్డల్లో ఒకటి నిదానంగా, ఒకటి దూకుడుగా ఉండవచ్చు. ఆ తేడా తెలియాలంటే కోసి తీసిన ముక్కను సన్నని పొరలుగా చెక్కి, రంగు పట్టించి, గాజు పలక మీద చూడాలి.

ఆ చూపు నేర్పింది ఆడవాళ్ల రొమ్ము క్యాన్సర్. 1925లో బోస్టన్‌లో గ్రీనో, 1928లో లండన్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో పేటీ, స్కార్ఫ్ కణాల తీరు చూసి రోగి భవిష్యత్తు చెప్పవచ్చన్నారు. అదే ఆసుపత్రిలో 1957లో బ్లూమ్, రిచర్డ్‌సన్ దాన్ని మార్కుల్లోకి దించారు. మొత్తం 1,409 మంది రోగుల్లో 359 మందిని 15 ఏళ్ల పాటు వెంబడించి చూసిన పని అది. 1991లో నాటింగ్‌హామ్‌లో ఎల్‌స్టన్, ఎల్లిస్ ఆ మార్కులకు కచ్చితమైన హద్దులు గీశారు. మూడు అంశాలు: కణాలు ఇంకా నాళాల ఆకారం కడుతున్నాయా, కేంద్రకాలు ఎంత వికారంగా ఉన్నాయి, విభజనలో ఉన్న కణాలు ఎన్ని. ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు. మొత్తం 3 నుంచి 5 అయితే మొదటి గ్రేడు, 6, 7 అయితే రెండు, 8, 9 అయితే మూడు. ఈ పరీక్షలో ఎక్కువ మార్కులు రావడమే చెడ్డది.

ఇటలీలోని టూరిన్‌లో కస్తన్యారో బృందం 1998లో ఇవే మార్కులు పిల్లుల గడ్డలకు వేసి, ఆపరేషన్ తర్వాత ఏడాదికి ఎవరు మిగిలారో చూసింది. గ్రేడు పెరిగేకొద్దీ బతుకు తగ్గింది. అయితే వాడేకొద్దీ ఒక లోపం బయటపడింది. పిల్లి గడ్డల్లో కణాలు విపరీతమైన వేగంతో విభజన చెందుతాయి. మనుషుల కొలబద్దలో సూక్ష్మదర్శిని కింద పది క్షేత్రాలు వెతికితే 20 చుట్టుపక్కల విభజనలు కనిపించగానే 3 మార్కులు పడిపోతాయి. ఆ గీతను పిల్లి గడ్డల్లో చాలా భాగం దాటేసి ఒకే గుంపులో చేరతాయి. అందరికీ ఒకే మార్కు వచ్చే పరీక్ష ఎవరినీ వేరు చేయదు.

కెనడాలోని సస్కాచెవాన్‌లో మిల్స్, సిమ్కో బృందం 2015లో ఆ కొలబద్దను పిల్లికి తగ్గట్టు తిరగరాసింది. విభజనల గీతను పది క్షేత్రాలకు 62కు జరిపారు. నాళాలు కట్టే అంశాన్ని పక్కన పెట్టి, క్యాన్సర్ కణాలు లింఫ్ నాళాల్లోకో రక్తనాళాల్లోకో దూరాయా అన్నదాన్ని చేర్చారు. కేంద్రకాల ఆకారాన్ని ఉంచారు. 2019లో ఫ్రాన్స్‌లోని నాంట్ పశువైద్య కళాశాలలో డాగెర్, న్గుయెన్ తదితరులు ఆపరేషన్ మాత్రమే జరిగిన 342 పిల్లుల గడ్డలు తీసుకుని వేర్వేరు గ్రేడింగ్ పద్ధతులను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి పరీక్షించారు. అదే బృందం 2021లో ఇంకో అడుగు వేసింది. ఆపరేషన్ రోజున చెప్పిన అంచనా ఏడాది తర్వాత కూడా చెల్లుతుందా అని అడిగింది. మొదటి ఏడాది గట్టెక్కిన జంతువుకు అంచనాను మళ్లీ కట్టాలని, ముప్పు తొలినాటి కంటే తగ్గుతుందని తేల్చింది.

కణాల మీది గ్రాహకాలు, కి-67 అనే ప్రోటీన్ వంటి గుర్తులనూ ఇప్పుడు చూస్తున్నారు. అవి ఎక్కువగా పెద్ద ప్రయోగశాలల పని.

మంగళవాడకు చేరేది

ఈ కొలతల్లో సూక్ష్మదర్శినివి నగరాన్ని దాటి రావడం కష్టం. ముక్కను ఫార్మలిన్‌లో వేసి బెంగళూరులో హెబ్బాళ పశువైద్య కళాశాలకో, ఇటు తిరుపతి పశువైద్య కళాశాలకో చేర్చాలి. స్కేలుకు ఆ ఇబ్బంది లేదు, పిల్లల బడిసంచిలో ఉంటుంది. నెలకోసారి పిల్లిని వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు జతలూ వేళ్లతో తడిమితే గడ్డ 2 సెంటీమీటర్లు కాకముందే దొరుకుతుంది. దొరికితే ఊపిరితిత్తుల ఎక్స్‌రే తీయించి, ఆ వైపు గ్రంథుల వరుస మొత్తాన్ని తీయించడం మంచిదని పశువైద్యులు చెబుతారు. గడ్డ ఒక్కటే గీకి తీస్తే అదే వరుసలో మళ్లీ లేచే అవకాశం ఎక్కువ.

అసలు రాకుండా చూసుకునే దారి ఇంకా చవక. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఓవర్లీ, సోరెన్మో తదితరులు 2005లో తేల్చిన లెక్క ప్రకారం, ఆరు నెలల లోపు గర్భసంచీ, అండాశయాలు తీయిస్తే ముప్పు నూటికి 91 వంతులు తగ్గుతుంది, ఏడాది లోపు అయితే 86. రెండేళ్లు దాటాక ఈ లాభం కనిపించలేదు. ఎదకు రాకుండా వేసే ప్రొజెస్టిన్ ఇంజెక్షన్లు, మాత్రలు మాత్రం ముప్పును పెంచుతాయి.

ఇన్ని చెప్పాక ఒక షరతు. మూడేళ్లు, రెండేళ్లు, ఆరు నెలలు అన్నవి పెద్ద ఆసుపత్రుల దాకా వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, ఆ తర్వాత కూడా వైద్యులకు కబురు అందించిన ఇళ్ల పిల్లుల లెక్కలు. శెనక్కాయల ఇంట్లో పిల్లి బయట తిరుగుతుంది, కుక్కల బారిన పడుతుంది, ఎలుకల మందు తిన్న ఎలుకను తింటుంది. దాని బతుకు లెక్క వేరుగా కట్టాలి. అందుకు కావాల్సిన గణితం 1958 నుంచీ సిద్ధంగా ఉంది, మధ్యలో తప్పిపోయిన పిల్లినీ అది వదిలిపెట్టదు. కావాల్సింది తారీఖులు. గడ్డ కనిపించిన రోజు, ఆ రోజు దాని కొలత, ఆపరేషన్ రోజు, పిల్లి పోయిన రోజు లేదా చివరిసారి కనిపించిన రోజు. ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ న్యూయార్క్‌లోనూ జవాబు తయారైంది యజమానులు చెప్పిన ఇలాంటి తారీఖులతోనే. పిల్లి పోయాక ఎవరూ పశువుల ఆసుపత్రికి తిరిగి వెళ్లరు. ఆ ఒక్కసారి వెళ్లి తారీఖు చెప్పి వస్తే, తర్వాత వచ్చే పిల్లికి డాక్టరు చెప్పే అంకె మన ఊరిదవుతుంది.